రక్స్ షర్కీ సాధనకు సంగీత మెట్టిదై యుండవలెను?

నృత్యమునకు సంగీతము తోడుగా వచ్చునదే గాని మూలము కాదని తలంచువారు కొందఱు కలరు. అడుగు సరిగా పడిన జాలును, పాట యేదైన నేమి యని వారి యభిప్రాయము. మేము దీని నంగీకరింపము. చేయి తిరిగిన యిల్లాలు ఉప్పును చూడకయే వేయవచ్చును గాని, వంట నేర్చుకొను దినములలో కొలత లేక పని జరుగదు. నృత్యసాధనలో నా కొలత సంగీతమే.

నేడు మన పెద్ద పట్టణములలో ‘బెల్లీ డాన్సు’ అను పేరుతో ఈజిప్టు దేశపు నృత్యమును వ్యాయామముగా గాని వేడుకగా గాని నేర్చుకొను సోదరీమణులు కొందఱు కలరు. వీరిలో ననేకులకు గురుసన్నిధి వారమున కొకటి రెండు గంటలు మాత్రమే. మిగిలిన దినములలో నింటిపని ముగించుకొని, గది తలుపు వేసికొని, తామే సాధన చేసికొనవలెను. ఆ వేళ తప్పు దిద్దు గురువు లేరు; తాళము వేయువారు లేరు. ఉన్న దొక్కటియే, ఫోనులో మ్రోగు పాట. అనగా నా గంటసేపు ఆ పాటయే గురువు. గురువు నెన్నుకొను నంత శ్రద్ధతో సాధనకు పాట నెన్నుకొనవలెనని చెప్పుటకే మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేము కర్ణాటక సంగీతమును, కావ్యములను ఇంటియొద్దనే పెద్దలవలన చదువుకొన్నవారము. మా బంధువులలో నొక బాలిక యీ నృత్యమును నేర్చుచుండగా, ఆమెకు మాత్రలు లెక్కించి చెప్పు నిమిత్తమై ఆ దేశపు సంగీతమును వినుట మొదలిడితిమి. తాళజ్ఞానము గల మన స్త్రీలకు ఆ సంగీతము నిజముగా పరాయిది కాదని మాకు తోచినది.

పేరును పుట్టుకయు

‘బెల్లీ డాన్సు’ అనునది ఆ నృత్యమునకు కన్నవారు పెట్టిన పేరు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచివారు ‘ఉదరనృత్యము’ అను నర్థము వచ్చునట్లు దానికి తమ భాషలో నొక పేరు పెట్టిరి. 1893 లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ‘కైరో వీథి’ యను వినోదస్థలమున దీని నాడిరి. ఆ పిమ్మట ఆ పేరే యింగ్లీషులో స్థిరపడి లోకమంతట వ్యాపించెను. ఈజిప్టువారు మాత్రము దీనిని ‘రక్స్ షర్కీ’ యందురు. ‘తూర్పు నృత్యము’ అని యర్థము. పెండ్లిండ్లలోను, ఇండ్లలోను స్త్రీలు తమలో తామాడుకొను సాదా రూపమునకు ‘బలదీ’ యని పేరు. ‘మన యూరిది’ అని దాని భావము. పేరును బట్టి చూపును మాఱును. ఉదరనృత్యమనిన నడుమునే చూతుము. తూర్పు నృత్యమనిన, ఆ తూర్పున మ్రోగు సంగీత మెట్టిదని యడుగబుద్ధి యగును.

ఆ దేశపు నర్తకీజనము పడిన పాట్లు మన కళావంతుల పాట్లను తలపించును. 1834 లో ఈజిప్టు పాలకుడగు మహమ్మదలీ పాషా బహిరంగముగా నాడు స్త్రీలను కైరో నగరమునుండి వెడలగొట్టి, దక్షిణమున నున్న ఎస్నా, కెనా, అస్వాన్ పట్టణములకు పంపెను. పిమ్మట చాలకాలమునకు 1926 లో బదియా మసాబ్నీ యను నామె కైరోలో నొక వినోదశాలను నెలకొల్పి యీ నృత్యమునకు రంగస్థలమును చూపెను. తహియా కారియోకా, సామియా గమాల్ అను ప్రసిద్ధ నర్తకు లామె బృందమునుండియే చలనచిత్రములకు వచ్చిరి. పూర్వము నలుగురైదుగురు వాద్యకారులతో సరిపోయిన నృత్యమునకు రంగస్థలముపై పెద్ద వాద్యబృందము కావలసివచ్చెను. సంగీతము పెరిగిన కొలదిని నర్తకి చెవికి పనియు పెరిగెను.

మన మదరాసు రాజధానిలో 1947 లో దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము వచ్చినది. ఆ దురాచారము పోవలసినదే. కాని ఆ స్త్రీలపై పడిన నిందతోపాటు వారు కాపాడిన పదములును జావళులును మూలబడుట మన పెద్దలెఱిగిన సంగతియే. ఒక కళను దూషించువారిలో దాని సంగీతము నెఱిగినవా రరుదు. అందుచే నేర్చుకొనువారైనను దాని నెఱిగి యుండవలెను. పాట యెఱుగక నడుము కదపుటయే నృత్యమగునేని, ఆ కళకు తగిలిన నింద నిజమేయని మనమే యొప్పుకొన్నట్లగును.

తాళముల పరిచయము

ఈ నృత్యమునకు ప్రాణము ‘తబ్లా’. ఇది హిందూస్థానీ తబలా కాదు. అరబ్బీ భాషలో ‘తబ్ల్’ అనగా డోలు. మన తబలాకు పేరు ఆ మాటనుండియే వచ్చినది. ఈజిప్టు తబ్లా ఒంటి ముఖము గల వాద్యము. గిన్నెకు కాలు తొడిగినట్లు పైన వెడల్పై, నడుమ సన్నమై యుండును. ‘దర్బూకా’ యనియు దీనికి పేరు. ముఖమునకు నడుమ కొట్టిన ‘దుం’ అను గంభీరధ్వనియు, అంచున కొట్టిన ‘తెక్’ అను తీక్ష్ణధ్వనియు వచ్చును. ఎడమచేతి అంచుదెబ్బను ‘క’ యందురు. మృదంగమున నెడమ ప్రక్కకును కుడి ప్రక్కకును గల ధ్వనిభేద మిచట నొక్క ముఖముననే వినవచ్చును.

మొదట నెఱుగవలసిన తాళములు మూడు. మూడును ఎనిమిది మాత్రలవి. ఆదితాళము వేయగల చేతికి సులభముగా పట్టుబడును. గీత యున్నచోట నొక మాత్ర యూరకుండవలెను.

మక్సూమ్: దుం తెక్ – తెక్ దుం – తెక్ –

బలదీ: దుం దుం – తెక్ దుం – తెక్ –

సైదీ: దుం తెక్ – దుం దుం – తెక్ –

వీనిని నోటితో పలికి చూడుడు. తుది నాలుగు మాత్రలు మూటికిని సమానమే. మక్సూములోని రెండవ మాత్ర ‘దుం’ అయినచో బలదీ. నాలుగవ మాత్ర ‘దుం’ అయినచో సైదీ. ఒక్క దెబ్బ మాఱిన మాత్రముననే ఒడలి నడకయు మాఱుట యిందలి విశేషము. బలదీలో మొదటనే రెండు దుంకారములు పడుటచే నడుగు నేలకు దిగును. నడుము కదలిక బరువుగా, నిదానముగా నుండును. సైదీలో నడుమ రెండు దుంకారములు జంటగా వచ్చుటచే నొక యెగురుదల కలుగును. ఇది యెగువ యీజిప్టు పల్లెలది. అచట పురుషులాడు ‘తహ్తీబ్’ అను కఱ్ఱసామును 2016 లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. స్త్రీలు సన్నని కఱ్ఱను తేలికగా త్రిప్పుచు, సైదీ తాళమున కాడుదురు. మక్సూము మధ్యస్థము, ఏ కదలికకైనను ఒదుగును. కావున సాధన ప్రారంభించువారికి మక్సూమే మొదటి పాఠము.

ఇవి పట్టుబడిన పిమ్మట మఱి కొన్నింటిని చేర్చుకొనవచ్చును. ‘మల్ఫూఫ్’ అనునది ఎనిమిది మాత్రలను మూడు, మూడు, రెండుగా విఱుచు వడిగల తాళము: దుం – – తెక్ – – తెక్ –. నర్తకి రంగమున ప్రవేశించునపుడును నిష్క్రమించునపుడును దీనిని తఱచు వాయింతురు. గది యీ మూలనుండి యా మూలకు నడక సాధించువారికి ఇది మిక్కిలి యనుకూలము. ‘అయ్యూబ్’ అనునది దుం – – క దుం – తెక్ – అని సాగును. ఈజిప్టు, సూడాను దేశములలో స్త్రీల పూనకమును శాంతింపజేయు ‘జార్’ అను క్రతువున దీనిని వాయింతురు. మన గ్రామదేవతల కొలువులలో డప్పు వినినవారికి దీని బలము వేఱుగ చెప్పనక్కఱలేదు. దీనికి తల విదిలించు కదలికలు కలవు గాని, క్రొత్తవా రొంటరిగా నున్నపుడు వానిని పూనుకొనరాదు. కండ్లు తిరుగును, మెడ నొచ్చును.

తొమ్మిది మాత్రల ‘కర్షిలమా’ తురుష్కదేశపుది. రెండు, రెండు, రెండు, మూడుగా నడచును. పది మాత్రల ‘సమాయీ తకీల్’ ప్రాచీన గీతములది. మూడు, రెండు, రెండు, మూడుగా నడచును. ‘లమ్మా బదా యతతన్నా’ యను ప్రసిద్ధమైన పాత పాట యీ తాళముననే యున్నది. ఇవి రెండును రెండవ యేటి చదువని యెంచి ప్రక్కన నుంచుట మేలు.

సాధనకు తగిన తాళపు పాట యేది?

ప్రదర్శనమునకు పనికివచ్చు పాట సాధనకు పనికిరాకపోవచ్చును. ప్రదర్శనమునకు వైవిధ్యము కావలెను. రంగప్రవేశమునకై కూర్చిన సంగీతములో నైదాఱు నిమిషములలోనే తాళము పలుమాఱులు మాఱును, వేగము మాఱును, వాద్యములు మాఱును. నిపుణురాలగు నర్తకికి అది సొంపు. అప్పుడే కటిచలనమును నేర్చుకొను బాలికకు అది యొక సుడిగుండము. కదలిక యొడలి కెక్కునంతలోనే తాళము జాఱిపోవును. చలనచిత్రములలో ‘అరబ్బీ’ నృత్యమని చూపు పాటలకును ఇదియే దోషము. అవి కంటి కొఱకు కత్తిరించి కూర్చినవి గాని సాధన కొఱకు కావు.

కావున ప్రాథమిక సాధనకు, పాట లేక తబ్లా మాత్రమే వాయించినదియు, ఒక్క తాళమే యైదు నిమిషములకు తక్కువ గాకుండ మాఱక సాగునదియు నెన్నుకొనుడు. 2019 లో దివంగతుడైన హుస్సాం రమ్జీ యను నీజిప్టు వాద్యకారుడు నర్తకీమణుల కొఱకే పెక్కు సంగీతసంపుటములను వెలువరించెను. అట్టివి నేటికిని దొఱకుచున్నవి. కొనుటకు ముందు ఒకసారి కూర్చుండి, తొడపై చేతితో తాళము వేయుచు వినుడు. రెండు నిమిషములైనను దుంకారమేదో చెవికి స్పష్టముగా తెలియకున్నచో నా పాటను వదలుడు. ఎంత ప్రఖ్యాతమైనదైనను అది మీకింకను గురువు కాజాలదు.

వేగమును గుఱించి యొక మాట. నిదానముగా నడుమును సున్న చుట్టునట్లు త్రిప్పుటకు నిమిషమునకు 60 మొదలు 80 దెబ్బలు చాలును. మక్సూముపై సాధారణ కదలికలకు 100 మొదలు 120 వఱకు తగును. అంతకు మించిన వేగము వణకు కదలికలు బాగుగ పట్టుబడినవారిది. గడియారమును ముందుంచుకొని లెక్కింపవచ్చును గాని, అంతకంటె సులభమైన పరీక్ష యొకటి కలదు: ఆడుచు ‘దుం తెక్ – తెక్’ అని నోటితో తాళమును చెప్పుకొనుడు. ఊపిరి చిక్కక, మాట తడబడక చెప్పగలిగినంత వేగమే మీకు నేడు తగిన వేగము. మాట ముందు తడబడును. అడుగు తరువాత తడబడును. కావున నోరు మనకు ముందే హెచ్చరిక చేయును.

వాద్యములును స్వరములును

తాళము నడుమునకును పాదమునకును చెందినది. చేతులకు, భుజములకు, వక్షమునకు, చూపునకు రాగము కావలెను. మన యాలాపనవంటిది వారికిని కలదు. దానిని ‘తక్సీమ్’ అందురు. ఒక్క వాద్యము తాళబంధము లేకయో, వెనుక మెల్లని తాళము నడచుచుండగానో, స్వరములను నిదానముగా విప్పుకొనుచు పోవును. ‘నాయ్’ అను రెల్లుపిల్లనగ్రోవి ఊపిరితో నిండిన వాద్యము. దానికి చేతుల మెల్లని కదలికయు, ఒడలు అలవలె లేచి దిగుటయు సొంపు. ‘కానూన్’ అనేక తంత్రులు గలది. వ్రేళ్లకు తొడిగిన మీటులతో వాయింతురు. దాని తంత్రులు కంపించునపుడు నర్తకియు సన్నగా వణకును. ‘ఊద్’ వీణవలె మీటునది, గంభీరము. యూరపునుండి వచ్చిన అకార్డియన్ బలదీ సంగీతమున స్థిరపడి, ఆ దేశపు స్వరములు పలుకునట్లు శ్రుతి మార్చుకొన్నది. సైదీకి మన సన్నాయికి బంధువగు ‘మిజ్మార్’ తోడు.

సాధనకు తక్సీము నెన్నుకొనునపుడు ఒక్క వాద్యమే యున్నదానిని ఎన్నుకొనుడు. ఒక వారము నాయ్, మఱియొక వారము కానూన్, ఇట్లు వేఱువేఱుగ విన్నచో, పెద్ద వాద్యబృందము మ్రోగునపుడు ఏ వాద్యమునకు ఏ యంగము బదులు చెప్పవలెనో తెలియును. అన్ని వాద్యములను ఒక్కసారి విని అన్నిటికిని బదులు చెప్పబోయినచో, పదిమంది పిలుపులకు నొక్కమాఱే పలుకబోయిన యిల్లాలివలె నలసిపోవుదురు.

అరబ్బుల రాగమునకు ‘మకామ్’ అని పేరు. మేళకర్తల నెఱిగిన సోదరీమణులకు ఒక యాధారము చెప్పెదము. ‘అజమ్’ అను మకామ్ స్వరములలో శంకరాభరణమును పోలును. ‘నహావంద్’ నఠభైరవిని, ‘హిజాజ్’ వకుళాభరణమును, ‘హిజాజ్ కార్’ మాయామాళవగౌళను పోలును. పోలిక స్వరస్థానములలోనే గాని గమకమున గాని సంచారమున గాని లేదు. అయినను చెవికి తొలిమెట్టుగా నుపకరించును. ‘రాస్త్’, ‘బయాతీ’ యనునవి మన హార్మోనియముపై పలుకవు. రాస్తులోని గాంధారము మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నుండును. బయాతీలోని రిషభము శుద్ధ రిషభమునకును చతుశ్శ్రుతి రిషభమునకును నడుమ నుండును. మొదట వినినవారికి అపస్వరమువలె తోచును. కాని దినమున కొకసారి కన్నులు మూసికొని వినుడు; కొన్నాళ్లకు ఆ స్వరముననే ఆ సంగీతపు జాలి యంతయు నున్నదని గ్రహింతురు. ఈ స్వరములను వదలి, కీబోర్డు యంత్రముపై చదును చేసి వాయించిన పాటలను సాధనకు మేము సిఫారసు చేయము. చెవికి పడిన తొలి యలవాటు తొలగుట కష్టము.

మాటలు తెలిసి యాడుట

ఇక మాటలుగల పాటల సంగతి. ఇచటనే మిక్కిలి జాగరూకత వలయును.

ఉమ్మ్ కుల్సూమ్ అను మహాగాయని పేరు వినని యరబ్బు గృహము లేదు. ఆమె చిన్ననాడు తండ్రివద్ద ఖురాను పఠనమును నేర్చినది. ఆమె పలుకులోని స్పష్టతకు ఆ చదువే పునాది. ప్రతి నెల మొదటి గురువారపు రాత్రి ఆమె కచ్చేరిని రేడియోలో వినుటకై దేశములే కాచుకొని యుండెడివి. ఆమె 1975 లో పరమపదించినను ఆ పాటలు పాతబడలేదు. మహమ్మద్ అబ్దెల్ వహాబ్ కూర్చగా ఆమె 1964 లో పాడిన ‘ఇంత ఉమ్రీ’కి ‘నీవే నా జీవితము’ అని యర్థము. బలీగ్ హమ్దీ కూర్చగా 1969 లో పాడినది ‘అల్ఫ్ లైలా వ లైలా’. అనగా ‘వేయిన్నొక్క రాత్రులు’. వీని యారంభమున వాద్యములు మాత్రమే చాలసేపు మ్రోగును. నర్తకు లా భాగములను విశేషముగ వాడుకొందురు. అట్టి గౌరవము గల పాటకు నాడుట మొదట సాహసముగా నెంచబడెను. సుహైర్ జకీ యను నర్తకి ఆ సాహసము చేసి మెప్పు పొందినది. ఆమె నృత్యమున ఆడంబరము తక్కువ, వినుట యెక్కువ.

ఇందు మనకు పాఠ మేమనగా: పాట యర్థమును తెలిసికొనకయే దానికి నవ్వుచు ఆడరాదు. విరహముతో కుములుచున్న నాయిక మాటలకు కన్ను గీటుచు నడుము విసరినచో, అరబ్బీ తెలిసినవారికి అది యెట్లుండును? క్షేత్రయ్య పదమునకు అర్థము తెలియక అభినయించినచో మన కెట్లుండునో అట్లే యుండును. నేడు పాటల యర్థములు తెలిసికొనుట కష్టము కాదు. ఒక్కొక్క పాటకు ఒక్క సాయంకాలము వెచ్చించిన చాలును. కాగితముపై తెలుగులో నాలుగు పంక్తుల భావమును వ్రాసి గోడకు అంటించుకొనుడు.

మఱొక సంగతి. యంత్రములపై పలు ధ్వనులను కలిపి కూర్చిన మిశ్రమసంగీతమున, వినసొంపని తలచి, ప్రార్థనకు పిలుచు పిలుపును గాని ఖురాను పఠనమును గాని చేర్చినదేమో పరిశీలింపుడు. చేర్చినదని యనుమానము కలిగినను దానిని వదలుడు. మన సుప్రభాతమును వినోదశాలలో నాటకు వాడినచో మనము నొచ్చుకొనమా? ఇరుగుపొరుగున ముసల్మాను కుటుంబములు గల మన యూళ్లలో ఈ మర్యాద మఱింత యవసరము.

ఒక గంట సాధనకు పాటల కూర్పు

క్రొత్తగా నేర్చువారి కొఱకు మే మీ క్రమమును సూచించుచున్నాము. మొదటి 10 నిమిషములు ఒడలు వేడెక్కుటకు మాటలు లేని మెల్లని మక్సూము. పిదప 15 నిమిషములు ఒక్క కదలికనే, ఒక్క తాళముపైననే చేయవలెను. ఇందుకు తబ్లా మాత్రమే యుండవలెను. తరువాత 10 నిమిషములు వణకు కదలిక; దానికి మధ్యవేగపు మక్సూముతో మొదలిడి మల్ఫూఫుతో ముగింపవలెను. పిమ్మట 10 నిమిషములు తక్సీము. ఇందు పాదములు దాదాపు నిలిచియే యుండవలెను. ఆ పైన 10 నిమిషములు భావము తెలిసిన యొక్క పాటకు, నేర్చిన కదలికలను తోచినట్లు కూర్చి యాడుకొనవలెను. కడపటి 5 నిమిషములు నాయ్ గాని ఊద్ గాని వినుచు కండరములను సాగదీసి విశ్రమింపవలెను. ప్రసవమై యెన్నో దినములు కానివారును, నడుమునొప్పి గలవారును వైద్యుల నడిగియే ప్రారంభింపవలెను.

ఈ పాటలను దినమున కొక తీరుగ మార్చరాదు. నెలదినములు అవియే యుండనిండు. పాట కంఠస్థమైనగాని ఒడలు దానిని నమ్మదు. తబ్లా ఏకవాద్యముగా విజృంభించి వాయించు దరువులకు ఈ నియమము మఱింత ముఖ్యము. వానిలో ప్రతి దెబ్బకు నొక కదలిక యుండును. ముందుగ తెలియని దెబ్బకు ఒడలు ఎల్లపుడును వెనుకబడును. కావున నా దరువును పనిపాటలలో పదిదినములు విని, నోటితో చెప్పగలిగిన పిదపనే ఆడుట కుపక్రమింపవలెను. కూరలు తఱుగుచు వినవచ్చును, బట్టలు మడచుచు వినవచ్చును. వినుటకు వేఱుగ తీఱిక యక్కఱలేదు. ఇల్లాండ్రకు ఇంతకంటె ననుకూలమైన చదువు మఱి లేదు.

“ఆడుటకు కాళ్లు చాలవా వదినా, ఇంత శాస్త్ర మెందుకు?” అని మా యాడుబిడ్డ మమ్మడిగినది. “అమ్మాయీ, ముగ్గు వేయుటకు చేయి చాలదా, చుక్కలు లెక్కపెట్టుట యెందుకు?” అని మేమంటిమి. ఆమె నవ్వి యూరకుండెను. ఇంటిలో పెద్దలు సందేహించినపుడు వాదమునకు దిగుటకంటె, వారిని పిలిచి ఒక తక్సీమును వినిపించుట మేలని మా యనుభవము. మా యత్తగారు నాయ్ తక్సీమును విని “ఇది యెవరి దుఃఖమే?” అని యడిగిరి. ఆ నాటినుండి మా యింట నా సంగీతమునకు ఆక్షేపణ లేదు.

ఈజిప్టులోను గౌరవము ఇట్లే మెల్లమెల్లగ వచ్చినది. 1959 లో మహమూద్ రెడా స్థాపించిన నృత్యబృందమున ప్రధాననర్తకిగా వెలసిన ఫరీదా ఫహ్మీ విశ్వవిద్యాలయాచార్యుని కూతురు. తండ్రి అడ్డుపడక ప్రోత్సహించెను. ఆ బృందము దేశపు జానపదనృత్యములను రంగస్థలమున కెక్కించునపుడు అలీ ఇస్మాయీల్ వానికి తగిన సంగీతమును కూర్చెను. చదువుకొన్న కుటుంబపు కన్య తన దేశపు తాళమునకు తలయెత్తి యాడుట చూచి, నర్తకులను చిన్నచూపు చూచిన జనులే కరతాళములు చేసిరి.

సోదరీమణులారా! మనము పరదేశపు కళ నొకదానిని మన యింటికి పిలిచితిమి. పిలిచిన యతిథిని పేరడిగి, ఊరడిగి, మాట విని యాదరించుట మన యాచారము. రేపు సాధనకు ముందు పది నిమిషములు కదలక కూర్చుండి, ఒక్క మక్సూమును చేతితో వేసి చూడుడు. దుంకారము చెవిలో నిలిచిన పిదప లేచి యాడుడు. చెవి నేర్చిన దానిని ఒడలు మఱువదు.